ముగిసిన కథకు తొందర యేల?

పఠనభాగము: నిర్గమకాండము 16:13–21



ఈ నెల పాఠము మన గృహములలో నిప్పుడు విస్తారముగా కనబడుచున్న యొక అలవాటును గూర్చినది. ఎన్నడో ముగిసిన టీవీ సీరియళ్లను ఫోనులో కనుగొని, మొదటి భాగము మొదలుకొని కడపటి భాగమువరకు నిద్ర మాని వరుసగా చూచుటయే ఆ యలవాటు. ఇది మంచిదా, చెడ్డదా యని తీర్పు చెప్పుటకు ముందు సంగతిని నెమ్మదిగా విచారింతము.

1. పూర్వపు రీతి

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణము ఆరంభమైనప్పుడు, ఆదివారము ఉదయమున టీవీ యున్న యింటికి ఇరుగుపొరుగువారు చేరెడివారు. 2001 నవంబరులో జెమిని టీవీలో మొదలైన గుణ్ణం గంగరాజుగారి 'అమృతం' 2007 నవంబరువరకు ఆదివారపు రాత్రులలో వచ్చెను. అమృతరావు, ఆంజనేయులు, ఇంటి యజమాని అప్పాజీ తెలుగు ఇండ్లలో చుట్టములవలె నైరి.

అయితే గోపాలపట్నము వంటి చోట ఓడరేవునకు, ఉక్కు కర్మాగారమునకు, రైలు పనికి పోవువారి సంగతి యేమి? ఆదివారము నైట్ షిఫ్టు పడినవానికి ఆ వారపు కథ పోయినట్లే. తెల్లవారి యింటికి వచ్చి, ఏమి జరిగెనని బిడ్డలను అడిగి తెలిసికొనవలసినదే. తప్పిన భాగము మరల చిక్కునను నమ్మకము లేదు. కాబట్టి ఆనాటి తొందరకు కారణముండెను.

2. ఇప్పటి మేలు

ఇప్పుడు 'అమృతం' యూట్యూబులో నున్నది. షిఫ్టు దిగి నిద్ర లేచినవాడు మధ్యాహ్నము చూడవచ్చును. ఆ సీరియల్ ముగిసిన తరువాత పుట్టిన బిడ్డలు సహితము దానికి నవ్వుచున్నారు. ఆంజనేయులుగా నటించిన గుండు హనుమంతరావుగారు 2018 ఫిబ్రవరిలో కన్నుమూసినను, ఆయన హాస్యము ఇంకను ఇండ్లలో వినబడుచున్నది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దూరదర్శన్ రామాయణమును మరల ప్రసారము చేయగా, తాతలు చూచినదానిని మనుమలు వారితో కూర్చుండి చూచిరి. మంచము పట్టినవారికిని, ఒంటరిగా నున్న వృద్ధులకును పాత కథ తోడగుచున్నది. ఇది చిన్న మేలు కాదు.

3. చిక్కు ఎక్కడ నున్నది?

దినదినము వచ్చు సీరియల్ రచయిత చూచువారిని రేపు మరల రప్పింపవలెను. కాబట్టి ప్రతి భాగము చివర ఒక ముడి వేయును. తలుపు తట్టిన చప్పుడు వినబడును. వచ్చినవారెవరో చూపక ఆపుదురు. ఒక దినము ఆగినయెడల ఆ యాతురత చల్లారును. ఇప్పుడైతే మనము వద్దనకున్న యెడల ఫోను తానే తరువాతి భాగమును మొదలుపెట్టును. పూర్వము ఆపుట టీవీవారి పని; ఇప్పుడది మన పని యైనది.

లెక్క చూడుడి. జెమిని టీవీలో 2008 నుండి 2013 వరకు వచ్చిన 'మొగలిరేకులు' వెయ్యికి మించిన భాగములు గలది. భాగమునకు 20 నిమిషములే యనుకొనినను 1000 భాగములకు 333 గంటలు. అనగా 8 గంటల షిఫ్టులు 41 దాటును! అయిదేండ్లలో కొద్దికొద్దిగా పంచియిచ్చిన కాలమును రెండు నెలల నిద్రనుండి తీసికొనినయెడల, ఉదయమున క్రేను నడుపువాడును, లారీ తోలువాడును, పరీక్ష వ్రాయు బిడ్డయు దాని వెల చెల్లింపవలసి వచ్చును.

4. పఠనభాగమునుండి నేర్చుకొనవలసినది

ఏనాటి మన్నా ఆనాటికే చాలునని ఇశ్రాయేలీయులకు చెప్పబడెను. అయినను కొందరు మరునాటికి దాచిరి. అది పురుగు పట్టెను. రేపు దొరకునో లేదో యను భయమే వారిచేత అట్లు చేయించి యుండవచ్చును. మనకైతే ఆ భయమునకును చోటు లేదు. కథ యెప్పుడో ముగిసినది. రేపటి భాగము సిద్ధముగా నున్నది. మరి తొందర యేల?

5. ఆచరణ

(అ) భాగము చివర గాక నడుమ ఆపుడి. నిన్నటి ముడి మొదటి కొన్ని నిమిషములలో విడిపోవును. అక్కడ ఆపుట సులభము.

(ఆ) తరువాతి భాగము తానుగా మొదలగు 'ఆటోప్లే' ఏర్పాటును ఫోనులో తీసివేయుడి.

(ఇ) నలుగురు నాలుగు ఫోనులలో చూచుటకంటె ఒక్క తెరమీద కలిసి చూడుడి. తండ్రి షిఫ్టులో నున్నయెడల ఆయన వచ్చువరకు ఆగుడి. ఆ దినములలో సీరియల్ ఎవరికొరకును ఆగలేదు, ఇప్పుడు ఆగగలదు. ముగిసిన కథ మనకు తెచ్చిన గొప్ప మేలు ఇదియే.

చర్చకు ప్రశ్నలు

1. మీ యింట రాత్రి ఫోను ఆపునది ఎవరు? ఏ గంటకు?

2. మీ యింటివారు కడపట కలిసి చూచిన కథ యేది? దానిని గూర్చి తరువాత మాటలాడుకొంటిరా?

3. ఈ వారము ఎవరికొరకు మీరు ఒక భాగమును ఆపి యుంచగలరు?