ఎండిన చెరువును ఆకాశం నుంచి చదవడం

కోలారు జిల్లా చెరువులు ఏటా నిండేవి కావు. నిత్యం పారే నది లేని ఆ సీమలో మంచి వానలు కురిసిన ఏడు చెరువు అలుగు పారుతుంది. తరువాత కొన్నేళ్లపాటు అడుగున కంపచెట్లు మొలుస్తాయి. అటువంటి చెరువు కింది మడిని వదలి బెంగళూరు చేరిన కుటుంబాలు మనలో ఎన్నో. ఒక వేసవినాటి చిత్రం చూపి ‘ఇది చెరువు కాదు, బీడు’ అని తీర్మానిస్తే కలిగే నష్టం వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వివాదంలో ఉపగ్రహం మంచి సాక్షి. నీరు ఆకుపచ్చ కాంతిని కొంత తిరిగి పంపుతుంది. కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా పీల్చుకొంటుంది. మట్టి, పైరు ఆ పరారుణాన్నే ఎక్కువగా వెనుకకు పంపుతాయి. ఆకుపచ్చ విలువ నుండి పరారుణ విలువను తీసివేసి, వచ్చినదానిని ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. ఒకచోట ఆకుపచ్చ 0.08, పరారుణం 0.02 అనుకొందాము. భేదం 0.06, మొత్తం 0.10, ఫలితం 0.6. సాధారణంగా సున్నకు పైన వస్తే నీరు, కింద వస్తే నేల. మెక్‌ఫీటర్స్ 1996లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. చేతిలో లెక్కల యంత్రం ఉంటే చాలు.

ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కొక్క గడి 30 మీటర్ల చదరం, సెంటినెల్-2లో 10 మీటర్లు. 1984 నుండి 2015 వరకు తీసిన ల్యాండ్‌శాట్ చిత్రాలను పరిశీలించి, ప్రపంచంలో ఏ గడిలో ఎంత తరచుగా నీరు కనబడినదో తెలిపే పటాన్ని ఐరోపా పరిశోధకులు 2016లో వెలువరించారు. మెట్టసీమకు కావలసినది సరిగ్గా ఇదే: ఒక్క రోజు తీర్పు కాదు, ముప్పై ఏళ్ల చరిత్ర. మనము స్వయంగా పోల్చునప్పుడు నవంబరును నవంబరుతోనే పోల్చాలి, మే నెలతో కాదు.

సాక్షి పొరబడే సందర్భాలూ ఉన్నాయి. గుర్రపుడెక్క కమ్మిన చెరువు పచ్చని పొలంలా కనబడుతుంది. బెళ్లందూరు చెరువును చూసినవారికి ఇది వింత కాదు. ఎత్తైన భవనాల నీడ నీటిలా భ్రమింపజేస్తుంది. వానకాలపు మబ్బులను రాడార్ ఉపగ్రహం దాటి చూడగలదు గాని, పూడిక ఎంత చేరినదో, లోతు ఎంత మిగిలినదో చిత్రంలోని వైశాల్యం చెప్పదు.

మరొక చిక్కు మన నగరానికే సంబంధించినది. 2018 నుండి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి, కోరమంగల–చల్లఘట్ట పథకం ద్వారా కోలారు చెరువులకు పంపుతున్నారు. నేడు అక్కడ కనబడే నీటి మచ్చ వాన తెచ్చినదో, మన ఇళ్ల నుండి వెళ్లినదో చిత్రం ఒక్కటే తేల్చలేదు. అందుకు వర్షపాత లెక్కలు చూడాలి. ఆ నీటి గుణం తెలియాలంటే కట్ట మీదికి వెళ్లి సీసాలో నీరు పట్టి పరీక్షించాలి.