రంగు పడింది సరే, ఏం కొన్నట్టు?

ఇంటర్ చదివే పిల్లలు లెక్కల హోంవర్కు ముందేసుకుని ఫోన్‌లో జియోజీబ్రా యాప్ తెరిస్తే చాలామంది అమ్మానాన్నల గుండెల్లో రాయి పడుతుంది. అన్నీ ఫోనే చేసిపెడుతుంటే వీళ్లు నేర్చుకునేదేముంది అని. ఫోటో తీస్తే లెక్కంతా చేసి చూపించే యాప్‌ల విషయంలో ఆ భయం సబబే. జియోజీబ్రా, డెస్మోస్‌లలో పిల్లలు వాడేది మాత్రం ఎక్కువగా గ్రాఫ్ గీసే సదుపాయమే. గీసినదాన్ని చదువుకోవడం వాళ్ల పని. అక్కడ మీరు బాగా పనికొస్తారు, లెక్కలు మరిచిపోయి పాతికేళ్లయినా సరే.

రెండు చలరాశుల అసమీకరణం అనగానే బెదరకండి. ఉమ్మడి రాష్ట్రంలో పాత సిలబస్‌తో పదో తరగతి గట్టెక్కినవాళ్లు లీనియర్ ప్రోగ్రామింగ్ పేరుతో దీన్ని చేసినవాళ్లే. చేతిలో 120 రూపాయలున్నాయి. పెన్ను 10, నోటుబుక్కు 30. పెన్నులు ఎక్స్, పుస్తకాలు వై అనుకుంటే ఎక్స్ + 3 వై ≤ 12. ఇది టైప్ చేస్తే (12, 0), (0, 4) బిందువుల మీదుగా ఒక గీత వచ్చి, దాని కిందివైపంతా రంగు పరుచుకుంటుంది. ≤ బదులు < కొడితే గీత తెగిపోయిన ముక్కల్లా కనిపిస్తుంది. గీత మీది బిందువులు జవాబులోకి రావని దానర్థం.

టైప్ చెయ్యకముందే ఒక్క మాట అడగండి: రంగు ఏ వైపు పడుతుంది? (0, 0) పెట్టి చూస్తే 0 ≤ 12 నిజమే, కాబట్టి సున్నా ఉన్న వైపు. క్లాసులో చెప్పే కిటుకు ఇదే. అయితే వై > 2 ఎక్స్ లాంటిది వస్తే గీత మూలబిందువు మీదుగానే పోతుంది, ఆ కిటుకు పారదు. (1, 0) లాంటి ఇంకో బిందువు పెట్టాలి. 0 > 2 అబద్ధం, కనుక రంగు అవతలి వైపు. ఇలాంటిచోట పిల్లలు తటపటాయిస్తారు. తటపటాయించనివ్వండి. జవాబు తెలిసినా మీరు నోరు మెదపకండి.

మైనస్‌తో గుణించినప్పుడు గుర్తు తిప్పడం మరిచిపోయే పిల్లలకు ఉపన్యాసం అక్కర్లేదు. ఎక్స్ − వై < 3 అని ఒక వరుసలో, వాళ్లు తేల్చిన వై < ఎక్స్ − 3 అని కింది వరుసలో కొట్టమనండి. రెండు రంగులూ చెరోవైపు పడతాయి. తప్పెక్కడో వాళ్లే వెతుక్కుంటారు.

అసలు సరదా పెన్నుల బొమ్మలో ఉంది. రంగు అక్షాల దగ్గర ఆగదు, ఎడమకీ కిందికీ అంతులేకుండా పోతుంది. (−3, 2) మీద వేలు పెట్టి “ఇక్కడ ఏం కొన్నట్టు?” అని అడిగి చూడండి. మైనస్ మూడు పెన్నులు! ఎక్స్ ≥ 0, వై ≥ 0 అని కూడా రాయాలన్న సంగతి అప్పుడు వాళ్లకే తడుతుంది. అవీ చేర్చాక (2.5, 1) చూపించండి. అక్కడా రంగుంది, మరి అర పెన్ను ఏ కొట్లో ఇస్తారు? సాఫ్ట్‌వేర్‌కు కొట్టు సంగతి తెలియదు, టైప్ చేసినదానికి రంగు వేస్తుంది, అంతే. (6, 2) గీత మీదుంది, డబ్బు సరిగ్గా సరిపోయింది. (5, 2) లోపలుంది, పది రూపాయలు మిగిలాయి. (7, 2) అంటే పది అప్పు. ఈ కబుర్లకు గణితం డిగ్రీ ఎందుకండీ?

పరీక్షల దగ్గర మాత్రం కాస్త చూసుకోవాలి. సీబీఎస్‌ఈ 12లో లీనియర్ ప్రోగ్రామింగ్ గ్రాఫ్ చేత్తో గీయాల్సిందే, కాలిక్యులేటర్ కూడా రానివ్వరు. జేఈఈలోనూ కాలిక్యులేటర్ ఉండదు. అమెరికాలో ఉండి శాట్ రాసే మన పిల్లల సంగతి వేరు. 2024 నుంచి అక్కడ ఆ పరీక్ష కంప్యూటర్ మీదే, డెస్మోస్ అందులోనే ఉంటుంది. దాన్ని చేతికి అలవాటు చేసుకోనివ్వడమే అక్కడి తల్లిదండ్రులు చెయ్యాల్సింది. ఇక్కడివాళ్లు మాత్రం పరీక్ష నెల రాగానే గ్రాఫ్ పేపరు, స్కేలు చేతికిచ్చి, గీయడమయ్యాక సరిచూసుకోవడానికే ఫోన్ ఇవ్వండి.