ఏది పంపవలెను? ఏది నిలుపవలెను?

విద్యార్థులారా,

ప్రతి సంవత్సరము బడి తెరచిన మొదటి వారమున మన కార్యాలయములో ఒక పెద్ద పట్టిక సిద్ధమగుట మీరు చూచియే యుందురు. అది ప్రవేశముల పట్టిక. అందు ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క అడ్డువరుస కలదు. పేరు, పుట్టిన తేది, తలిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, తరగతి, ప్రథమ భాష, కుటుంబ ఆదాయము మున్నగునవి నిలువువరుసలు. ఈ విషయములు గ్రంథాలయమునకును కావలెను. పాఠ్యపుస్తకములు పంచువారికిని కావలెను. కాని గ్రంథాలయమునకు మీ తండ్రిగారి ఆదాయముతో పనియేమి? పుస్తకములు పంచువారికి మీ ఇంటి చిరునామా యేల?

పట్టికను మొత్తముగా ప్రతి తీసి అందరికిని ఇచ్చుట సులభమే గాని యుక్తము కాదు. ఎవరికి ఎంత కావలెనో అంతయే ప్రతి తీసి, మూలములో మార్పు కలిగినపుడెల్ల ఆ ప్రతియు తనంతట మారునట్లు ఏర్పాటు చేయవలెను. కంప్యూటరు డేటాబేసుల విషయమున దీనిని సెలెక్టివ్ రెప్లికేషన్ అందురు. మనము ‘ఎంపిక ప్రతి’ అని చెప్పుకొందము.

ఇది గుమాస్తాల పని మాత్రమే యని తలంపరాదు. మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో కన్నడ తరగతులును తెలుగు తరగతులును ఉండెడివి. ఒక సంవత్సరము పుస్తకముల కొరకు పంపిన జాబితాలో పేరు, తరగతి మాత్రము వెళ్లినవి. ప్రథమ భాష యను నిలువువరుస వెళ్లలేదు. అందుకొన్నవారు అందరును కన్నడమే చదువుదురని భావించిరి. దసరా సెలవులు దాటువరకు తెలుగు పిల్లలు ప్రక్కవారి పాత పుస్తకములతో చదువుకొనిరి. ఎవ్వరును ద్వేషముతో చేసినది కాదు. పట్టికలో కనబడని బిడ్డ పుస్తకముల లెక్కలోనికి రాలేదు, అంతే.

ఇక మన రాష్ట్రములోనే యున్న యొక పెద్ద నిదర్శనము చూతము. కర్ణాటక రెవెన్యూ శాఖవారు పల్లెలలోని చేతివ్రాత భూమి లెక్కలను కంప్యూటరులోనికి ఎక్కించి, ఆ పథకమునకు ‘భూమి’ అని పేరిడిరి. 2002 నాటికి అది 177 తాలూకాలకు వ్యాపించినది. సుమారు 67 లక్షల రైతులకు సంబంధించిన 2 కోట్ల హక్కుపత్రములు అందు చేరినవి. ఆ పత్రమునే ఇక్కడ పహాణి యందురు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రదేశమున దానికి సమానమైన లెక్కను అడంగలు అనుట వాడుక. 2003లో రిజిస్ట్రేషను శాఖవారు ‘కావేరి’ యను వేరొక ఏర్పాటు ఆరంభించిరి. ఇవి రెండు శాఖలు, రెండు డేటాబేసులు.

కోలారు ప్రాంతమున ఒక రైతు పొలము అమ్మినాడనుకొనుడు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో వ్రాయబడు దస్తావేజునందు ధర, స్టాంపు రుసుము, సాక్షుల పేర్లు, వేలిముద్రలు ఎన్నియో యుండును. రెవెన్యూ శాఖకు ముఖ్యముగా కావలసినవి అమ్మినవారెవరు, కొన్నవారెవరు, ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణము అనునవి. వీనిని తెలుపు చీటిని ‘జె స్లిప్’ అందురు. పూర్వము కాగితముపై వెళ్లెడి ఈ సమాచారము, రెండు ఏర్పాటులును జోడింపబడిన పిదప, కంప్యూటరు ద్వారా వెళ్లుచున్నది. చీటి అందినంతనే పహాణిలో పేరు మారదు. ఆక్షేపణలకు గడువిచ్చిన పిమ్మటనే మారును. ఇందు రెండు నీతులు గలవు. కావలసినంతయే పంపవలెను. ఏ విషయమును ఎవరు మార్చదగుదురో ముందుగా నిర్ణయింపవలెను.

ఈ నీతులనే మన పాఠశాల పట్టికకు అన్వయింతము. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను ఉచిత డేటాబేసు సాధనము కలదు. 2017లో వెలువడిన దాని 10వ రూపమునందు పట్టికలను ఎంచి పంపు ఏర్పాటు చేరినది. 2022లో వచ్చిన 15వ రూపమునందు కొన్ని అడ్డువరుసలను, కొన్ని నిలువువరుసలను మాత్రమే పంపు శక్తియు కలిగినది. పంపువైపు చేయు ప్రకటనను పబ్లికేషన్ అనియు, అందుకొనువైపు చేయు ప్రకటనను సబ్‌స్క్రిప్షన్ అనియు అందురు. పత్రికను ప్రచురించుట, దానికి చందా కట్టుట వంటిదే ఇది. చేయవలసిన క్రమమిది:

1. ప్రతి విద్యార్థికిని మారని ప్రవేశ సంఖ్య నియ్యవలెను. పేరును నమ్ముకొనరాదు. ఒకే తరగతిలో ఇద్దరు వెంకటేశులు ఉండవచ్చును.

2. మూలములోని ప్రతి మార్పును డేటాబేసు ముందుగా ఒక చిట్టాలో వ్రాసికొనును. ఆ చిట్టాను ‘లాజికల్’ అను స్థాయిలో నుంచవలెను. లేనిచో ఈ పద్ధతిలో మార్పులు పంపుటకు వీలులేదు.

3. అందుకొనువైపు ఆ పేరుతోనే పట్టికను, కావలసిన నిలువువరుసలను ముందుగా నిర్మింపవలెను. పట్టిక రూపము తనంతట వెళ్లదు. లోపలి విషయములే వెళ్లును.

4. పబ్లికేషనులో నిలువువరుసల నెన్నవలెను: ప్రవేశ సంఖ్య, పేరు, తరగతి, ప్రథమ భాష. తరువాత అడ్డువరుసలకు వడపోత పెట్టవలెను: తరగతి 10 అయినవారు మాత్రమే.

5. సబ్‌స్క్రిప్షన్ ఏర్పరచినంతనే ఉన్న వరుసలు మొదట ప్రతియగును. పిదప మార్పులు వెంటవెంట వచ్చుచుండును.

6. చివరకు రెండువైపుల వరుసలను లెక్కించి సరిచూడవలెను.

ఇందు జాగ్రత్త పడవలసిన తావులు మూడు గలవు.

మొదటిది వడపోత. 9వ తరగతి బాలిక 10వ తరగతికి వచ్చినపుడు ఆమె వరుస ప్రతిలో కొత్తగా చేరవలెను. 10వ తరగతి దాటినపుడు తొలగిపోవలెను. సాధనము ఈ రెండును చేయును. కాని మార్పులను, తొలగింపులను కూడ పంపునపుడు, దేనితో వడపోయుచున్నామో ఆ తరగతి యను అంశము వరుసను గుర్తించు కీలో భాగమై యుండవలెను. అందుచే ప్రవేశ సంఖ్యను, తరగతిని జేర్చి కీగా నిర్ణయింతుము. కీలోని అంశములన్నియు పంపు నిలువువరుసలలో నుండవలెను.

రెండవది అందుకొనువైపు చేతివాటము. అక్కడివారు తమంతట ఒక ప్రవేశ సంఖ్యతో వరుస వ్రాసి, తరువాత మూలము నుండి అదే సంఖ్య వచ్చినచో, రెండును ఢీకొని రాక ఆగిపోవును. ఆగిన సంగతి గమనింపనిచో మూలమువైపు పంపవలసిన చిట్టా పెరిగి పెరిగి డిస్కు నిండును. కావున ప్రతిని చదువుటకే గాని దిద్దుటకు గాదని నియమము పెట్టుకొనవలెను.

మూడవది కొత్త నిలువువరుస. రేపు మూలములో ‘తృతీయ భాష’ యని కొత్తగా చేర్చినను, ఎంచిన జాబితాలో అది లేదు గనుక వెళ్లదు. ఎవరును తప్పు చేసినట్లు కంప్యూటరు చెప్పదు. అందువలన ఏటేట జాబితాను తిరిగి చదువవలెను.

తలిదండ్రులకు ఒక విన్నపము. ఎక్కువ పంపుట యొక దోషము. తక్కువ పంపుట మరియొక దోషము. బిడ్డ చిరునామా, ఫోను నంబరు అవసరము లేనిచోటికి పోయినచో తిరిగి రాబట్టుట కష్టము. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో మన పార్లమెంటు చేసిన చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నెంచినది. బిడ్డ భాష పోవలసినచోటికి పోకున్నను నష్టమే. ప్రవేశ పత్రము నింపునపుడు మాతృభాష, ప్రథమ భాష గడులను ఖాళీగా విడువకుడు. కన్నడ దేశమున నున్నాము గదా యని సంకోచింపను వలదు. కన్నడము నేర్చుకొనుట మన విధి. తెలుగని నిజము వ్రాయుటయు మన విధియే. మీరు వ్రాయనిదానిని ఏ యంత్రమును ప్రతి తీయజాలదు.

అభ్యాసము

1. మన గ్రంథాలయమునకు ఏ నిలువువరుసలు పంపవలెను? ఒక్కొక్క దానికి కారణము వ్రాయుడు.

2. పరీక్షా రుసుము వసూలు చేయువారికి ప్రథమ భాష అవసరమా? మీ యభిప్రాయము తెలుపుడు.

3. మీ ఇంటి పహాణినో అడంగలునో పెద్దల యెదుట చదివి, అందలి పేర్లు, సర్వే నంబరు, విస్తీర్ణము దస్తావేజుతో సరిపోవుచున్నవో లేవో వారితో గలిసి చూడుడు. భేదమున్నచో పెద్దలకు తెలుపుడు.