వడగట్టు గుడ్డ - గృహస్థుని నీరు

బెంగుళూరు చిక్కపేట ప్రాంతపు జైన గృహములలో వంటయింటి కుళాయికి తెల్లని నూలుగుడ్డ కట్టియుండుట క్రొత్తవారికి వింతగా తోచును. ఇంటివారికి అది ఇల్లు చిమ్ముటవంటి నిత్యకృత్యము. మార్వాడు, గుజరాతు దేశములనుండి వ్యాపారార్థము వచ్చినవారును, అనాదిగా కన్నడదేశముననే యున్న జైనులును ఈ యాచారమున ఏకీభవింతురు. అయితే గుడ్డ కట్టినంత మాత్రమున ఆచారము పూర్తియైనదా యను ప్రశ్న ఈ పట్టణమున విచారింపదగినది.

నీటిలో కదలాడు చిన్న ప్రాణులు త్రసజీవములు. అనగా రెండుగాని అంతకు మించిగాని ఇంద్రియములు గలవి. గుడ్డ వీనిని కాపాడుటకే. నీరే దేహముగా గల జీవులు వేరొక తెగ. ఇవి అప్కాయికములు, ఏకేంద్రియములు. ఆచారాంగ సూత్రము మొదటి యధ్యయనముననే వీని ప్రస్తావన గలదు. ఎంత దళసరి గుడ్డయైనను వీనిని వేరుచేయజాలదు. నీరు వాడినచో వీనికి హింస తప్పదు. కావున గృహస్థుడు చేయగలిగినది నీటి వాడుకను తగ్గించుకొనుటయే. సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమున, నిష్ప్రయోజనముగా నేల త్రవ్వుట, నిప్పు రగుల్చుట, మొక్కలను ఛేదించుట అనువానితోపాటు నీటిని వ్యర్థముగా కదల్చి పారబోయుటను గూడ అనర్థదండములలో చేర్చిరి. పిల్లలకు వడగట్టుట మాత్రమే నేర్పి ఈ మాట చెప్పకుండుట సగము పాఠము చెప్పుటయే.

పూర్వపు పద్ధతి యెట్టిదో పిన్నవారు తెలిసికొనవలెను. 36 వ్రేళ్ళ పొడవు, 24 వ్రేళ్ళ వెడల్పు గల దళసరి గుడ్డను రెండు మడతలు వేసి వాడుట దిగంబర సంప్రదాయము. చిరిగిన పాతచీర ముక్క ఇందుకు పనికిరాదు. వడగట్టిన పిమ్మట గుడ్డ లోపలివైపును వడగట్టిన నీటితోనే జాడించి, ఆ నీటిని తెచ్చిన బావిలోనే మరల విడిచెడివారు. దీనికి జీవాణి యని పేరు. పైనుండి కుమ్మరించినచో జీవులు చచ్చునని, అడుగున కడియము గల చేదను నీటిమట్టమువరకు దింపి, అచ్చట మెల్లగా వంపెడివారు. తెచ్చిన ప్రాణిని తెచ్చినచోటికే చేర్చుట ఇందలి ధర్మము.

ఇప్పుడు బెంగుళూరి యింటికి నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నది? ఒకప్పుడు పేటకు నీరిచ్చిన ధర్మాంబుధి చెరువు స్థలముననే నేడు మెజెస్టిక్ బస్సు స్టాండు ఉన్నది. 1896లో హెసరఘట్ట నీరు, 1933లో తిప్పగొండనహళ్ళి నీరు, 1974లో కావేరి నీరు పట్టణమునకు వచ్చినవి. కావేరీజలము సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు 500 మీటర్ల యెత్తునకు యంత్రములచే ఎక్కింపబడి వచ్చుచున్నది. ఒక్క బిందెడు నీటి వెనుక ఎంత ఆరంభమున్నదో లెక్కించుట వ్యాపారులకు కష్టము కాదు. ఈ నీటి జీవాణిని కావేరికి చేర్చుట ఏ యింటివారికిని సాధ్యము కాదు. బోరుబావి గొట్టములోనికి చేద దిగదు. కుళాయి నీటికి ఈ నియమమెట్లు వర్తించునో చాతుర్మాస్యమునకు విచ్చేసిన సాధుమహారాజులనడిగి తెలిసికొనుట మంచిది. నీటి పొదుపునకు మాత్రము ఎవరిని అడుగవలసిన పనిలేదు.

2024 మార్చిలో బోరుబావులు పెక్కు ఎండిపోగా, త్రాగునీటితో కార్లు కడుగుట, తోటలు తడుపుట నిషేధించి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా విధింతుమని నీటి బోర్డు ప్రకటించినది. శ్రావకునికి ఆ కట్టడి క్రొత్తది కారాదు. అయినను కుళాయికి భక్తితో గుడ్డ కట్టి, దాని ప్రక్కనే ఆర్.ఓ. యంత్రము తగిలించిన ఇండ్లు లేకపోలేదు. అది లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు కాలువ పాలుచేయు యంత్రము! లవణములు స్వల్పముగా నుండు కావేరి నీటికి అది సాధారణముగా అనవసరము. వడగట్టి కాచిన చాలును. శ్వేతాంబర సంప్రదాయమున కాచిన నీటికి వానకాలమున మూడు జాములు, చలికాలమున నాలుగు, వేసవిలో ఐదు గడువు. కావున అవసరమైనంతే కాచుకొనుట ఈ లెక్కలోనే యిమిడియున్నది. బోరునీరు మిక్కిలి ఉప్పనై యంత్రము తప్పనిచోట, అది విడుచు నీటిని బకెట్టులో పట్టి నేల తుడుచుటకు వాడుకొనవచ్చును. మార్వాడు ఎడారిలో వాననీటిని టాంకాలలో దాచుకొని బ్రదికినవారి సంతతికి ఇది నేర్పనక్కరలేదు గాని, జ్ఞాపకము చేయవలసివచ్చుచున్నది.

స్థలము గల ఇండ్లవారు బావి మాటను గూడ ఆలోచింపవచ్చును. 2009 చట్టసవరణతో పెద్ద స్థలములలో వాననీటి సేకరణ ఎట్లును తప్పనిసరియైనది. బెంగుళూరి చుట్టుప్రక్కల తరతరములుగా బావులు త్రవ్వుచున్న మన్ను వడ్డర్లు అను భోవి కులస్థులలో అనేకుల యింటిభాష తెలుగే. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాతబావులను బాగుచేసినవారు వీరే. పాత యింటి పెరటిలో మూతబడిన బావి యుండినచో దానిని పూడ్చివేయక, వీరిచే పూడిక తీయించి, మిద్దెమీది వాననీటిని వడగట్టి అందులోనికి మళ్ళించుకొనవచ్చును. అందు నీరూరిన నాడు, అటకమీద పడియున్న కడియపు చేదకు మరల పని కలుగును.