దీవుల విద్యార్థులు అడిగిన ప్రశ్న

పిల్లలూ! మన మారిషస్ చుట్టూ సముద్రమే కదా. పసిఫిక్ మహాసముద్రంలో ఇలాంటిదే మరొక దేశమున్నది. దాని పేరు వనువాటు. ఎనభై దాకా చిన్న చిన్న దీవులు కలిసి ఒక దేశమైనాయి. జనాభా సుమారు 3 లక్షలు.

అక్కడి వారు చేమదుంపలు పండించుకుంటారు, చేపలు పట్టుకుంటారు. పెద్ద కర్మాగారాలు లేవు. 2015 మార్చిలో పామ్ అనే తుఫాను వారి ఇళ్లను, తోటలను నేలమట్టం చేసింది. 2020 ఏప్రిల్‌లో హెరాల్డ్ అనే మరో తుఫాను వచ్చింది. సముద్రమట్టమూ పెరుగుతున్నది.

కారణమేమిటో చూడండి. బొగ్గు, పెట్రోలు కాల్చితే కార్బన్ డయాక్సైడ్ అనే వాయువు గాలిలో చేరుతుంది. అది దుప్పటిలాగా భూమి వేడిని బయటికి పోనివ్వదు. వేడెక్కిన సముద్రం పొంగుతుంది. కొండల మీది మంచు కరిగి అందులోనే చేరుతుంది. వెచ్చని నీటి మీద తుఫానుకు బలమెక్కువ. ఆ వాయువును ఎక్కువగా వదిలినవి పెద్ద దేశాలు, ధనిక దేశాలు. ఇల్లు పోయింది మాత్రం వనువాటు రైతుకు! (మనమూ కొంత బొగ్గు కాలుస్తున్నాము. చెరకు కోతల కాలంలో పిప్పితో విద్యుత్తు తీసే మిల్లులే మిగిలిన నెలల్లో బొగ్గు మండిస్తాయి.)

పక్కింటివారు మన పెరట్లో చెత్త పోస్తే న్యాయం అడుగుతాము. దేశాల మధ్య అలా అడగవచ్చునా? 2019లో వనువాటు రాజధాని పోర్ట్ విలాలో న్యాయశాస్త్రం చదువుతున్న 27 మంది విద్యార్థులకు ఈ ఆలోచన వచ్చింది. ఈ ప్రశ్నను అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకుపొమ్మని ప్రభుత్వాలను కోరారు. వనువాటు ప్రభుత్వం సరేనన్నది. అయితే ఆ న్యాయస్థానాన్ని సలహా అడగడానికి ఒక్క దేశానికి అధికారం లేదు. అందుకని వనువాటు దేశదేశాలనూ కూడగట్టింది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్న పంపింది.

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో 2024 డిసెంబరులో 96 దేశాలు వాదనలు వినిపించాయి. 2025 జూలై 23న 15 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా జవాబిచ్చారు. పరిశుభ్రమైన పరిసరాలు మానవహక్కు అన్నారు. వాతావరణాన్ని కాపాడటం దేశాల బాధ్యత, తప్పినవారు నష్టపరిహారం ఇవ్వవలసి రావచ్చు అన్నారు. నేల మునిగినంత మాత్రాన ఒక దేశం దేశం కాకుండా పోవాలని లేదు అని కూడా చెప్పారు. దీవులవారికి ఇది ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పాలా?

ఇది తీర్పు కాదు, సలహా. దీనితో ఎవరికీ జరిమానా వేయలేరు. కాని ఏ దేశపు కోర్టులోనైనా న్యాయవాదులు దీనిని చూపి వాదించవచ్చు.

ఇంటిపని: మీ తాతగారు చిన్నప్పుడు చూచిన సముద్రపు ఒడ్డు ఇప్పుడెలా ఉన్నదో అడిగి, ఐదు వాక్యాలు వ్రాయండి.