ఆగిపోయిన ఆ సంతకం

ప్రశ్న: ఉద్యోగరీత్యా కోల్‌కతాలో ఉంటున్నాను. ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానిని. క్లబ్ పెద్దల గొడవలకూ మైదానంలో ఓటములకూ నిజంగా సంబంధం ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ, చాలా ఉంటుంది. 2021 వేసవినే తీసుకోండి. క్లబ్‌లో పెట్టుబడి పెట్టిన శ్రీ సిమెంట్ సంస్థ తుది ఒప్పందం పంపింది. ముందు అనుకున్న షరతులు వేరు, ఇందులో ఉన్నవి వేరంటూ క్లబ్ పెద్దలు సంతకం చేయలేదు. జూలైలో అభిమానులు క్లబ్ ముందు ఆందోళనకు దిగితే లాఠీలు విరుచుకుపడ్డాయి. ఆగస్టు చివర్లో ముఖ్యమంత్రి మమతా బెనర్జీ కలగజేసుకుంటే గానీ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఆడుతుందని తేలలేదు.

ఈలోగా మిగతా క్లబ్బులు మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోయాయి. మిగిలినవాళ్లతో హడావిడిగా జట్టు కట్టారు. కోచ్ మనోలో డియాజ్ సెప్టెంబరులో వచ్చారు, ఒక్క గెలుపూ చూడకుండా డిసెంబరులో వెళ్లిపోయారు. తొలి విజయం జనవరిలో, గోవా మీద. సీజన్ మొత్తం 20 మ్యాచ్‌లలో గెలిచింది అదొక్కటే. జట్టు అట్టడుగున నిలిచింది. అందరూ కోచ్‌నే తిట్టారు. నా దృష్టిలో తప్పు ఆయనది కాదు, సంతకం దగ్గర పంతానికి పోయిన రెండు పక్షాలదీ.

మన హైదరాబాద్ ఎఫ్‌సీనీ చూశాం కదా. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన జట్టు, జీతాలందక ఆటగాళ్లు వెళ్లిపోవడంతో 2023-24లో ఆఖరి స్థానానికి పడిపోయింది.

అందుకే, మీకు క్లబ్ సభ్యత్వం ఉంటే సమావేశానికి వెళ్లండి. ఆటగాళ్లను తీసుకునే నిర్ణయం ఎవరిదో కాగితం మీద రాసి ఉందా అని అడగండి.