కంటి జబ్బుకు కడుపు స్కానింగ్ ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు ఐదో నెల. వెలుతురులోకి తెస్తే కళ్లు గట్టిగా మూసుకుంటాడు. గుడ్లు నిలకడగా ఉండవు, అటూ ఇటూ కదులుతుంటాయి. నల్లగుడ్డంతా కాటుక నలుపే. కంటి డాక్టరు ‘యానిరిడియా’ అని చెప్పి, పాక్స్‌6 అనే జన్యువు కోసం రక్తపరీక్ష, కడుపు స్కానింగ్ రాశారు. గ్రహణం రోజు నేను బయట తిరగడం వల్లేనని అత్తగారు, మేనరికం వల్లేనని ఆడపడుచు అంటున్నారు. మా రెండు కుటుంబాల్లోనూ ఇది ఎవరికీ లేదు. కంటికి, కడుపు స్కానింగ్‌కు ఏం సంబంధం? రెండో బిడ్డకూ వస్తుందా?
- ఓ సోదరి, నరసరావుపేట

జవాబు: గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా. మేనరికం మాటకొస్తే, నేను దాన్ని సమర్థించేవాణ్ని కాదు. అయినా ఈ నింద దాని మీద వేయలేం. మేనరికాల్లో ఎక్కువగా బయటపడే జబ్బులకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, జన్యువు రెండు ప్రతులూ చెడినవే రావాలి. పాక్స్‌6లో ఒక్క ప్రతి దెబ్బతింటే చాలు. యానిరిడియా ఉన్న ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకుండానే, ఆ జన్యువులో కొత్తగా తలెత్తిన మార్పు వల్ల వస్తుంది.

పాక్స్‌6 మన 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాని నుంచి తయారయ్యే ప్రొటీను ఇటుకలు మోసే కూలీ కాదు, మేస్త్రీ. డీఎన్ఏను పట్టుకుని, కంటిని కట్టాల్సిన మిగతా జన్యువుల్లో ఏది ఎప్పుడు పనిలోకి దిగాలో చెబుతుంది. పిండానికి నాలుగో వారం నాటికే ఈ పని మొదలైపోతుంది. అప్పటికి చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. దీని సత్తా ఏపాటిదంటే, 1995లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ బృందం ఈగ శరీరంలో ఉండకూడని చోట ఈ జన్యువును పనిచేయిస్తే, కాళ్ల మీదా రెక్కల మీదా కళ్లు మొలిచాయి. ఎలుక జన్యువు పెట్టినా మొలిచింది ఈగ కన్నే!

మీ బాబుకు ఆ ప్రొటీను సగమే తయారవుతున్నట్టుంది. కంటికి ఆ సగం చాలదు. కంటిపాప చుట్టూ ఉండాల్సిన గోధుమరంగు ఐరిస్ ఏర్పడదు. వెలుతురును అదుపుచేసే తెర లేక బిడ్డ కళ్లు మూసుకుంటాడు. రెటీనా మధ్యభాగమూ పూర్తిగా ఎదగదు. గుడ్లు కదలడానికి, చూపు మందగించడానికి కారణం అదే.

ఇక స్కానింగ్. పాక్స్‌6 పక్కనే కిడ్నీ ఎదుగుదలకు అవసరమైన డబ్ల్యూటీ1 జన్యువు ఉంది. కొందరు పిల్లల్లో ఈ రెండూ కలిసి ఒకే ముక్కగా ఎగిరిపోతాయి. అలాంటివారికి కిడ్నీలో విల్మ్స్ ట్యూమర్ అనే క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. తొందరగా పట్టుకుంటే నయమయ్యే క్యాన్సరే. అందుకే ఆ ముక్క పోలేదని తేలేదాకా మూడు నెలలకోసారి స్కాన్ తప్పదు. పోయిందని తేలితే సుమారు ఎనిమిదేళ్లు వచ్చేదాకా కొనసాగించాలి. మామూలు సీక్వెన్సింగ్‌లో ముక్క పోయిన సంగతి దొరక్కపోవచ్చు. డిలీషన్ పరీక్ష కూడా చేస్తున్నారా అని ల్యాబ్‌లో గట్టిగా అడగండి.

రెండో బిడ్డ సంగతి చెప్పేముందు మీరిద్దరూ కళ్లు చూపించుకోవాలి. కొందరిలో ఇది పైకి కనిపించనంత తేలికగా ఉంటుంది. ఇద్దరికీ లేదని కంటిపరీక్షలోనూ జన్యుపరీక్షలోనూ తేలితే రెండో బిడ్డకు వచ్చే అవకాశం చాలా తక్కువ, పూర్తిగా లేదని మాత్రం అనలేం. బాబు పెద్దయ్యాక అతని పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది.

లేని ఐరిస్‌ను తెచ్చే మందు లేదు. రంగు అద్దాలు వెలుతురు బాధను తగ్గిస్తాయి. నీటికాసులు, శుక్లాలు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి కంటి ఒత్తిడి పరీక్షలు జీవితాంతం ఉంటాయి. కృత్రిమ ఐరిస్ పెట్టిస్తామని ఎవరైనా అంటే తొందరపడకండి. ఈ కళ్లలో ఆపరేషన్ వికటించే ప్రమాదం ఎక్కువ. ఆముదం, చనుబాలు కళ్లలో వేయకండి, వీళ్ల నల్లగుడ్డు పైపొర చాలా సున్నితం. నల్లగుడ్డు పెద్దదవుతున్నట్టో, పొగ కమ్మినట్టో అనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా ఆ రోజే తీసుకెళ్లండి. రక్తపరీక్ష రిపోర్టు రావడానికి వారాలు పట్టొచ్చు, కడుపు స్కానింగ్ మాత్రం ఈ వారంలోనే చేయించండి.